చివరి ఫారం పట్టుకుని భీమవరం దాకా

రాజమండ్రిలో నా నవల అచ్చువేసిన ప్రెస్సు యజమాని మా ఆఫీసుకి ఫోన్ చేసి, భీమవరం నుంచి ఒక పెద్దావిడ మాట్లాడారని చెప్పాడు. ఆవిడ అన్న మాటలు ఇవీ: "పుస్తకం చివర నుయ్యి ఎక్కడ తవ్వించుకోవాలో రాశారు గానీ బాబూ, ఆ మనిషిని ఎవరు చంపారో రాయలేదు."

నేను బయల్దేరడానికి కారణం ఆ ఒక్క వాక్యం.

సంగతి వివరంగా చెప్పాలి. నేను ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో టైపిస్టుని. సాయంత్రాలు ఇంట్లో కూర్చుని హత్యలు చేయిస్తుంటాను. పత్రికలు వేసుకోకపోతే నా ఖర్చుతో నేనే అచ్చువేయించుకుంటాను. ఆడవాళ్లు రాసిన డిటెక్టివ్ నవల ఎవరు కొంటారని మొదటి షాపువాడే అడగడంతో 'మార్తాండ్' అని పేరు పెట్టుకున్నాను. ఈ వ్యవహారం మా వారికీ, ప్రెస్సువాళ్లకీ తప్ప ఎవరికీ తెలియదు. కొత్త నవల పేరు 'మూసిన లాకులు'. రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన శవం కాలవ లాకుల దగ్గర తేలుతుంది. చివర్లో డిటెక్టివు అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, "హంతకుడు ఎవరో కాదు" అంటాడు. అక్కడితో ఆ పేజీ అయిపోతుంది. తర్వాతి పేజీ తిప్పితే, "ఈశాన్య మూల బరువు ఉంచరాదు" అని ఉంది. బైండింగులో నా చివరి పదహారు పేజీల ఫారం బదులు, పక్కనే ఉన్న గృహవాస్తు పుస్తకం ఫారం కలిపి కుట్టేశారు. అది తెలిసేసరికి కాపీలు తణుకు, భీమవరం వెళ్లిపోయాయి.

సొంతంగా అచ్చువేసుకునేవాళ్లకి ఒక సౌకర్యం ఉంది. తప్పు ఎవరిదైనా దిద్దాల్సింది మనమే కనక, ఎవరికి చెప్పాలా అని వెతుక్కోనక్కర్లేదు. రెండో శనివారం ఆఫీసు సెలవు చూసుకుని, అసలు ఫారాలు ఒక సంచీలో, జిగురు సీసా ఒక సంచీలో పెట్టుకుని తెల్లవారుతూనే రాజమండ్రి స్టేషనుకి చేరాను. మే నెల. గోదావరి వంతెన మీదికి వచ్చేసరికే ఎండ మొహాన కొడుతోంది. కింద నీళ్లకంటే ఇసకే ఎక్కువ కనబడింది.

నిడదవోలులో దిగి నర్సాపురం పాసింజరు పట్టుకోవాలి. ఈ దారిన వెళ్లేవారికి ఒక మాట: ఆ బండి వచ్చే ప్లాట్‌ఫారం గురించి ఎవరు ఏం చెప్పినా నమ్మకుండా మెట్ల వంతెన దగ్గరే నిలబడండి. నేను ఒకరి మాట నమ్మి, రెండు సంచులతో అటూ ఇటూ పరుగెత్తి ఎక్కాను. బండి తణుకు చేరేసరికి తొమ్మిది దాటింది. స్టేషను బయట పెసరట్టు తిని, బస్టాండు దగ్గరున్న అద్దె పుస్తకాల షాపుకి నడిచాను.

షాపు యజమాని పాపారావు గారు. యాభై ఏళ్లుంటాయి, మెళ్లో కళ్లజోడు వేలాడుతోంది. రచయిత తరఫున వచ్చానని చెప్పి ఫారాలు తీశాను. ఆయన వాటిని చూశారు గానీ ముట్టుకోలేదు.

"ఇవి అంటించొద్దండి," అన్నారు.

"ముగింపు లేదు కదండీ పుస్తకానికి."

"లేకపోవడమే బాగుందండి. చదివినవాళ్లు వచ్చి ఇక్కడే దెబ్బలాడుకుంటున్నారు. మళ్లీ ఒకసారి చూస్తామని అదే పుస్తకం అద్దెకి తీసుకెళ్తున్నారు. మొన్న ఒకాయన శవాన్ని ముందు ఈశాన్యం నూతిలో దాచారని తేల్చాడు. ఆ వాస్తు పేజీల్లో ఉందట ఆధారం."

"అది బైండింగులో జరిగిన పొరపాటండి."

ఆయన నవ్వారు. "మీరు అలాగే చెప్తారు లెండి. మార్తాండ్ గారు గట్టి మనిషి. పోలీసు డిపార్టుమెంటులో చేసి ఉంటారని నా అనుమానం. మీకేమవుతారండీ?"

"మా ఇంట్లోనే ఉంటారు," అన్నాను.

"చాలా పొడుగ్గా ఉంటారనుకుంటా."

"మరీ అంత కాదండి."

ఏడాదిన్నర కష్టపడి రాసిన నా ముగింపుకంటే వాస్తు పేజీలకే గిరాకీ ఎక్కువని తెలుసుకుని, విప్పని జిగురు సీసాతో బస్టాండులోకి నడిచాను. ఒక పక్క ఉక్రోషంగా ఉంది. ఇంకో పక్క, ఊరుకాని ఊళ్లో నా పుస్తకం గురించి జనం దెబ్బలాడుకుంటున్నారన్న మాట లోలోపల తియ్యగానే ఉంది. రెండూ కలిపి అనుభవిస్తూ భీమవరం బస్సు ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. తణుకు దాటాక కాసేపు చెరుకు తోటలు, తర్వాత వరి కోసిన చేలు, ఆ తర్వాత అన్నీ చెరువులే. చెరువుల్లో చక్రాలు తిరుగుతూ నీళ్లు చిమ్ముతుంటే నా నవలలోకే వెళ్తున్నట్టుంది. పక్కనున్న ఆవిడ నా సంచీ చూసి, "శుభలేఖలాండీ?" అని అడిగింది. అవునన్నాను.

మధ్యాహ్నం పన్నెండు దాటాక భీమవరంలో దిగి రిక్షా కట్టించుకున్నాను. ఫోన్ చేసిన పెద్దావిడ పేరు సుభద్రమ్మ గారు. రొయ్యల మేత దుకాణం ఆవిడదే. భర్త పోయాక కొడుకులు చెరువులు చూసుకుంటుంటే, దుకాణం తను నడుపుతున్నారు. మేత బస్తాల మధ్య కుర్చీ వేసుకుని, పద్దుల బల్ల మీద 'మూసిన లాకులు' బోర్లించి కూర్చున్నారు.

"ఇంత ఎండలో ఎందుకొచ్చారండీ, పోస్టులో పంపితే సరిపోయేదిగా," అంటూనే చెయ్యి చాపి ఫారం తీసుకున్నారు. నాకు మజ్జిగ ఇప్పించి, చదవడం మొదలుపెట్టారు.

ఒక పాఠకురాలు నా ముగింపు చదువుతుంటే ఎదురుగా కూర్చోవడం నాకదే మొదటిసారి. ఆవిడ పేజీ తిప్పినప్పుడల్లా ఎక్కడిదాకా వచ్చారో లెక్కపెట్టుకున్నాను. మొహంలో ఏమీ తెలియడం లేదు. మధ్యలో ఇద్దరు రైతులొచ్చి మేత అడిగితే, "ఉండండి, హంతకుణ్ణి పట్టుకుంటున్నారు," అని వాళ్లని నిలబెట్టేశారు.

చివరికి కాగితాలు బల్ల మీద పెట్టారు.

"చంపింది కాంపౌండరాండీ?"

"అవునండి."

"అర్ధరాత్రి శవాన్ని లాక్కుంటూ కాలవ ఈదాడా?"

"అవునండి."

ఆవిడ పుస్తకం తీసి ఒక పేజీ నా ముందు పెట్టారు. నేను రాసిందే. కాంపౌండరు చిన్నప్పుడు కాలవలో మునగబోయాడనీ, అప్పట్నుంచీ పడవ ఎక్కాలన్నా వణుకుతాడనీ. అతని మీద జాలి కలగడానికి రాసిన వాక్యం. తర్వాత ఏడాదికి ముగింపు రాసేటప్పుడు ఆ జాలి నాకు గుర్తులేదు. ప్రూఫులు దిద్దింది నేనే. అక్షరదోషాల కోసం కళ్లు పొడుచుకుని చూశాను గానీ, ఈత రానివాడు ఈదడం నా కంట పడలేదు.

"చదివినవాళ్లు గట్టిగా అడిగితే ఏం చెప్పాలో ఆలోచించుకోవాలి కదండీ ముందే," అన్నారావిడ, కోపం లేకుండా.

"ఆయనతో చెప్తానండి."

"ఎవరితో?"

"మార్తాండ్ గారితో."

సుభద్రమ్మ గారు కళ్లజోడు తీసి పైట చెంగుతో తుడుచుకున్నారు. "రాసింది మీరే కదండీ. ఆ రాత్రి చనిపోయినాయన వంటింట్లో పిండి అప్పుడప్పుడే పులుస్తోందని చూసి, మధ్యాహ్నం దాకా ఇంట్లో మనుషులున్నారు, హత్య ఆ తర్వాతే జరిగింది అని తేల్చే డిటెక్టివుని మగాళ్లు రాయరు. వాళ్లకి ఇడ్లీ పళ్లెంలోకి వచ్చాకే కదా తెలిసేది."

అవునన్నాను. చిత్రమేమిటంటే, దొరికిపోయినందుకు సిగ్గు వెయ్యలేదు. ఎవరో వెనక నుంచి నా అసలు పేరు పెట్టి పిలిచినట్టు హాయిగా అనిపించింది.

రైతుల్ని పంపించేసి ఆవిడ నన్ను వెనక ఇంట్లోకి భోజనానికి తీసుకెళ్లారు. చింతచిగురు వేసి వండిన రొయ్యల కూర, మామిడికాయ పప్పు, గడ్డ పెరుగు. హోటళ్ల సంగతి రాసి పెట్టుకుందామని వచ్చాను గానీ, భీమవరంలో హోటలు మొహం చూడలేదు. అన్నం కలుపుకుంటూ ఆవిడ అడిగారు: "ఇంతకీ ఆ పిండి రుబ్బిందెవరండీ?"

"చనిపోయినాయన వదిన."

"ఎప్పుడు రుబ్బానంది?"

నేను ముద్ద చేతిలోనే ఉంచుకుని ఆలోచించాను. పొద్దున్నే రుబ్బి పెట్టి, తొలి బస్సుకి పుట్టింటికి వెళ్లిపోయానని ఆవిడ చేత నేనే చెప్పించాను.

"ఎండాకాలం," అన్నారు సుభద్రమ్మ గారు. "పొద్దున్న రుబ్బిన పిండి రాత్రికి గిన్నె పొంగి కిందికి కారిపోదండీ? మధ్యాహ్నం దాకా ఇంట్లో ఉన్నది ఆవిడే. పైగా లంకలో పుట్టిన పిల్ల అని మీరే రాశారు. గోదావరి మధ్యలో పెరిగినదానికి ఈత ఒకరు నేర్పాలా?"

నవలంతా నేనే రాశాను. హంతకురాలు ఎవరో కూడా నేనే రాశాను. ఆ సంగతి నాకు తెలియలేదు, ఆవిడకి తెలిసింది. బైండింగులో ఆ పొరపాటే జరగకపోతే నా ముగింపు అన్ని ఊళ్లకీ వెళ్లి, నా పరువు ఊరూరా పోయేది. వారం రోజులుగా నేను తిట్టుకుంటున్న బైండరుకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

చెయ్యి కడుక్కుని, దుకాణం ఫోను నుంచి ప్రెస్సుకి ట్రంకు కాల్ మాట్లాడేవాళ్లంత గట్టిగా అరిచి మాట్లాడాను. చివరి ఫారం మళ్లీ రాసిస్తానని చెప్పాను.

"హంతకుడు మారతాడాండీ?" అన్నాడు యజమాని.

"మారతాడండి. వదినగారు."

"నేను కంపోజింగప్పుడే అనుకున్నానండి," అన్నాడు.

సాయంత్రం ఐదు దాటాక పాసింజరు వచ్చింది. సుభద్రమ్మ గారు దుకాణం తాలూకు తెల్ల కాగితాలు కొన్ని, తోవలో తినడానికి పూతరేకులు ఇచ్చి పంపారు. ఈసారి పుస్తకం మీద ఏ పేరు వేస్తారని మాత్రం అడగలేదు. బండిలో జనం ఎక్కువగానే ఉన్నారు. ఇద్దరి మధ్య ఇరుక్కుని, ఒళ్లో సంచీ మీద కాగితాలు పెట్టుకుని కొత్త ముగింపు మొదలుపెట్టాను. పక్కన తెల్లపంచె కట్టుకున్న పెద్దాయన, కాళ్ల దగ్గర కొబ్బరికాయల గోనె. అత్తిలి దాటేదాకా నా కాగితాల వంకే చూస్తున్నాడు.

"ఆఫీసు పనాండీ?"

"కాదండి. నవల."

"ఎవరు రాసిందండీ?"

"నేనేనండి."

ఆ మాట పరాయి మనిషితో నా అంతట నేను అనడం అదే మొదలు. గొంతు మామూలుగానే ఉంది.

"మంచిదేనండి. కుటుంబ కథే అయ్యుంటుంది."

"కుటుంబమేనండి," అన్నాను. "మరిదిని వదిన చంపేసి కాలవలోకి ఈడ్చేస్తుంది. ఎలా ఈడ్చిందా అని ఆలోచిస్తున్నాను."

ఆయన తలూపి, కిటికీలోంచి కాసేపు బయటికి చూశాడు. తర్వాత గోనె తనవైపు లాక్కుని, తనూ అటువైపు బాగా జరిగి కూర్చున్నాడు. ఆ సాయంత్రం బండిలో కూర్చోవడానికి చోటు దొరకదని అందరూ అంటారు. నేను మాత్రం రెండు మోచేతులూ చాపుకుని, నిడదవోలు వచ్చేదాకా హాయిగా రాసుకున్నాను.