కత్తెర నోరు మూసుకున్న రోజు

ఆ యూనివర్సిటీలో అందరూ ఆవిడని కత్తెర అంటారు. మొహం మీద కాదు లెండి, అంత ధైర్యం ఎవడికుంది? లిఫ్టులో ఆవిడ కనబడితే చాలు, లెక్కల ప్రొఫెసర్ మోకాళ్ళ నొప్పులు మర్చిపోయి మెట్లెక్కేస్తాడు.

ఆవిడ ఉద్యోగం అలాంటిది మరి. పరిశోధనలకి డబ్బిచ్చే సంస్థలకి ప్రొఫెసర్లు ప్రతిపాదనలు రాసుకుంటారు కదా, అవి బయటికి వెళ్ళేముందు రీసెర్చ్ ఆఫీసులో ఓ ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెడతారు. కిటికీ సరిగ్గా మూతపడని గదిలో, పొడవాటి బల్లకి అటు ముగ్గురు, ఇటు ప్రొఫెసర్ ఒక్కరు. ఆ ముగ్గురూ డబ్బిచ్చేవాళ్ళలా నటించి ఉతికి ఆరెయ్యాలి. బయటివాడు అడగబోయే పాడు ప్రశ్న ముందు ఇక్కడే పడిపోతే, అక్కడ పరువు దక్కుతుందని. మిగతా ఇద్దరూ "చాలా బాగుందండీ, ఓ చిన్న సందేహం" అంటూ నసుగుతారు. కత్తెరకి ఆ తతంగం లేదు. "మూడో పేజీలో చెప్పింది ఏడో పేజీలో మీరే కాదన్నారు. ఇందులో ఏది అబద్ధం?" అని మొదలుపెడుతుంది. తలపండిన వాళ్ళకి కూడా ముచ్చెమటలు పోస్తాయి.

పోనీ కృతజ్ఞత ఏమైనా ఏడ్చిందా అంటే, అదీ లేదు. ఆవిడ చేత చీవాట్లు తిని, మొత్తం తిరగరాసుకుని, పెద్ద గ్రాంటు కొట్టిన పెద్దమనిషి ఒకాయన సన్మాన సభలో క్యాంటీన్ వాడితో సహా అందరికీ థాంక్స్ చెప్పాడు. మొదటి వరసలోనే కూర్చున్న ఈవిడ మాత్రం ఆయన కంటికి ఆనలేదు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం! కత్తెర చప్పట్లు కొట్టి, ఇంటికొచ్చి, ఆయన మీద కోపం గిన్నెల మీద చూపించింది.

ఇంతకీ అసలు గొడవ ఆవిడ చెల్లెలితో. చెల్లెలిది అదే యూనివర్సిటీలో ల్యాబు. ఇద్దరూ ఒకే చదువు మొదలుపెట్టారు. అక్క పరిశోధన మధ్యలో ఆగిపోయి ఆఫీసులో పడింది, చెల్లెలిది సాగింది. అప్పట్నుంచీ ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. "నీకు కుళ్ళు" అని ఓసారి చెల్లెలంది. "నీకు పొగరు" అని అక్కంది. ఆ తర్వాత ఏడాదిగా మాటల్లేవు, ఫోన్ చేస్తే చెల్లెలు ఎత్తదు. అమ్మ ఉండేది చెల్లెలి ఇంట్లో కాబట్టి కబుర్లన్నీ అమ్మ మీదుగానే నడుస్తాయి.

చెల్లెలు చిన్న చిన్న వెల్డింగ్ షెడ్లలో పొగని లాగేసే చవక యంత్రం ఒకటి తయారుచేసింది. పాత గ్రాంటు అయిపోవచ్చింది. కొత్తది రాకపోతే ల్యాబు మూత, చెల్లెలి ఉద్యోగం కూడా దాంతోపాటే. ఆ ప్రతిపాదన కత్తెర బల్ల మీదికి వచ్చింది. చదవగానే బొక్క కనబడింది. పరీక్షలన్నీ తలుపులు మూసిన గదిలోనే చేశారు. వెల్డింగ్ షెడ్డుకి తలుపు ఎవడు మూస్తాడండీ? అసలు సగం షెడ్లకి తలుపే ఉండదు!

ఆ సాయంత్రమే అమ్మ ఫోన్. "రేపు దాన్ని ఏమీ అనకే. అసలే తిండీ నిద్రా లేకుండా ఉంది. నీ నోటికి తట్టుకోలేదు. నా మీద ఒట్టు."

"అమ్మా, అది నా పనే."

"ఊరందరికీ చెయ్యి నీ పని. తోడబుట్టినదాన్ని ఒక్కసారికి వదిలెయ్యి."

మర్నాడు ఇంటర్వ్యూలో వదిలేసింది. మిగతా ఇద్దరిలో ఎవరో ఒకరు అడక్కపోతారా అని తనకి తానే సర్దిచెప్పుకుంది. వాళ్ళు అడిగితేనా! ఇద్దరూ అలవాటుగా ఆవిడ వంకే చూశారు. చెల్లెలు కూడా చూసింది, దవడ బిగించి. కత్తెర నీళ్ళ సీసా మూత తిప్పుకుంటూ, "నాకేం ప్రశ్నల్లేవు" అంది.

కొన్నాళ్ళకి జవాబొచ్చింది. షెడ్డు తలుపులు తెరిచి ఉంటే ఈ యంత్రం పనిచేస్తుందా, దీనికి ఎక్కడా సమాధానం లేదు, కాబట్టి డబ్బివ్వం, పొమ్మన్నారు.

చెల్లెలు ఆ కాగితం పట్టుకుని నేరుగా ఆఫీసుకొచ్చింది. అందరూ వింటున్నారన్న వెరపు కూడా లేదు.

"చూశావు కదూ? తలుపు సంగతి?"

కత్తెరకి అబద్ధం రాలేదు. "చూశాను."

"మరి అడగలేదేం?"

"అమ్మ ఒట్టు పెట్టింది, నిన్ను ఏమీ అనొద్దని. విడిగా చెబుదామంటే నువ్వు ఫోనెత్తితే కదా!"

"ఎత్తకపోతే నా నెత్తిన బండ వేస్తావా? నువ్వు చీల్చి చెండాడతావని గుండె రాయి చేసుకుని వచ్చానే ఆ రోజు. ప్రశ్నల్లేవన్నావు. నీకే లేకపోతే ఇంక లోకంలో ఎవరికీ ఉండవనుకుని ధీమాగా పంపించాను. పరాయివాళ్ళందరికీ పనికొచ్చిన నీ నోరు నాకు మాత్రం దక్కకూడదా?"

కత్తెరకి ఒళ్ళు మండింది. "తలుపులు మూసుకుని పరీక్షలు చేసుకుంది నువ్వు. నేను మూశానా? ఒక్క షెడ్డుకైనా వెళ్ళి చూశావా?"

"ఇదిగో, ఈ మాటే ఆ రోజు అనాల్సింది," అంది చెల్లెలు. "ఇప్పుడు అంటున్నావు చూడు, ఇందుకు నిన్ను చచ్చినా క్షమించను." కాగితం బల్ల మీద పడేసి వెళ్ళిపోయింది. పక్క సీట్లవాళ్ళు కంప్యూటర్లలో తలలు దూర్చేశారు.

నెల తిరక్కుండా ల్యాబు ఖాళీ చేశారు. ఆ పొగ యంత్రాన్ని అటెండర్లు ఇద్దరు మోసుకుంటూ కత్తెర గది ముందునుంచే తీసుకెళ్ళారు. ఆవిడ లేచి వెళ్ళి వరండా తలుపు తెరిచి పట్టుకుంది, వాళ్ళ చేతులు ఖాళీగా లేవని.

ఆ సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. వెనకాల అట్టపెట్టెలు ఈడుస్తున్న చప్పుడు వినబడుతోంది.

"పోనీలేవే, పోతే పోయింది," అంది అమ్మ. "నువ్వు మాత్రం నా మాట నిలబెట్టావు తల్లీ. దాన్ని ఒక్క మాట అనలేదు. నాకదే పదివేలు."

"అవునమ్మా," అంది కత్తెర. "అనలేదు."