డ్రిల్లు మాస్టారి గ్రౌండులో లెక్కల క్లాసు

మా బడి డ్రిల్లు మాస్టారికి కోపం తక్కువ, కుళ్ళు ఎక్కువ. ఈ మాట ఆయన ఎదుటే చాలాసార్లు అన్నాను. డ్రాయింగు టీచరుగా నాదీ ఎవరూ లెక్కచేయని సబ్జెక్టే కాబట్టి, ఆటసామాన్లు పెట్టే గదిలోనే నాకూ ఒక బల్ల వేశారు. ఆయన గొణుగుడంతా వినేది నేనే.

ఆయన బాధలో న్యాయం లేకపోలేదు. పరీక్షలు దగ్గరపడితే చాలు, సైన్సు మాస్టారో సోషల్ టీచరో గుమ్మంలో నిలబడి, "ఈ పూట మీ పీరియడు నాకివ్వండి, పాఠం మిగిలిపోయింది" అనేవారు. కాదనలేక ఇచ్చేసి, "మన పీరియడంటే అందరికీ లోకువేనండీ" అని నా దగ్గర నిట్టూర్చేవారు.

అలాంటి మనిషి ఇంట్లో పోరు పడలేక, భార్య చెల్లెలికి మా బళ్ళో లెక్కల టీచరు ఉద్యోగం ఇవ్వమని హెడ్‌మిస్ట్రెస్‌ను తనే అడిగారు. ఏకు మేకవుతుందని అప్పుడాయనకు తెలియదు.

ఆ అమ్మాయి చేరీ చేరగానే ఆరో తరగతిని గ్రౌండుకు తీసుకెళ్ళింది. బంతి గోడకు తగిలి ఎటు తిరిగొస్తుందో చూపించి కోణాలు చెప్పింది. పరుగు పందెం పెట్టి వేగం కట్టించింది. ఇసుక గుంటలో దూకించి, ఎవరెంత దూరం దూకారో బోర్డు మీద రాసి సగటు తీయించింది. బెల్లు కొట్టినా పిల్లలు లోపలికి వస్తే ఒట్టు.

డ్రిల్లు మాస్టారు మా గది కిటికీ దగ్గర నిలబడి అంతా చూశారు.

"సొమ్మొకరిది, సోకొకరిది" అన్నారు. "గ్రౌండు నాది, బంతులు నావి. పేరు మాత్రం మా మరదలికి."

"పోనీండి, మీ ఇంటి మనిషేగా."

"ఇంట్లోనూ అదే పాటండీ. మా ఆవిడ వడ్డిస్తూ వడ్డిస్తూ 'మా చెల్లి బుర్రే బుర్ర' అంటుంది. ముద్ద దిగుతుందా?"

కడుపుమంట ఊరికే కూర్చోనివ్వదు కదా. మర్నాడు కొన్ని బంతులకు సగం, కొన్నిటికి పూర్తిగా గాలి తీసేసి, పంపు బీరువాలో పెట్టి తాళం వేశారు. మరదలు వచ్చి ఒక్కో బంతీ నొక్కి చూసింది.

"బావగారూ, అన్నీ పంక్చరేనా?"

"అన్నీనమ్మా" అన్నారు, నావైపు చూడకుండా.

ఆ అమ్మాయి తక్కువదేం కాదు. ఆ బంతుల్నే పట్టుకెళ్ళి, ఏది ఎంత ఎత్తు ఎగురుతుందో కొలిపించి, ఆ రోజుకు గ్రాఫు పాఠం చెప్పేసింది. పిల్లలు ఇంకా ఎక్కువ కేకలు పెట్టారు. నాకు నవ్వాగలేదు. సాయంత్రం దాకా ఆయన నాతో మాట్లాడలేదు.

ఇంతలో హెడ్‌మిస్ట్రెస్ కబురు పంపారు. వచ్చే నెల నుంచి డ్రిల్లు పీరియడ్లలో సగం ఈ ఆటల లెక్కలకు ఇచ్చేద్దామనుకుంటున్నాననీ, అభ్యంతరముంటే శనివారం లోపు చెప్పమనీ. పరీక్షల ముందు అడిగి తీసుకోవడం వేరు, ఇలా శాశ్వతంగా లాక్కోవడం వేరు.

శుక్రవారం ఆయనకు సాకు దొరికింది. ఇసుక గుంట పక్కన ఒక బొద్దుపిల్ల కూర్చుని ఏడుస్తోంది. బోర్డు మీద అన్నిటికన్నా చిన్న అంకె ఆ పిల్లదేనని పక్కనున్న పిల్లలు చెప్పారు. ఏడ్చే పిల్లను చూసి అంత సంతోషపడ్డ పెద్దమనిషిని నేనింకెక్కడా చూడలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని హెడ్‌మిస్ట్రెస్ గదికి నడిపించారు. సాక్షిగా నన్నూ రమ్మన్నారు. మరదలు కూడా వెనకే వచ్చింది.

"చూడండి మేడమ్. ఆటంటే సంతోషంగా ఆడుకోవాలి. అంకెలు వేసి ఈ పిల్లను పదిమందిలో తల దించుకునేలా చేశారు. నా పీరియడులో ఒక్కరైనా ఏడ్చారా?"

"తప్పు నాదే మేడమ్. పేర్లు రాయకుండా ఉండాల్సింది" అంది మరదలు.

ఆయన గెలిచినట్టే అనుకున్నాను. హెడ్‌మిస్ట్రెస్ పిల్లవైపు తిరిగి, "ఎందుకమ్మా ఏడుపు? అంకె తక్కువొచ్చిందనా?" అని అడిగారు.

"కాదు మేడమ్. ఇంకోసారి దూకి నా అంకె పెంచితే క్లాసు సగటు కూడా పెరుగుతుందని టీచర్ చెప్పారు. నా వంతు వచ్చేసరికి బెల్లు కొట్టేశారు."

"దానిదేముంది, సార్ పీరియడులో దూకచ్చుగా?"

పిల్ల తలెత్తి ఆయన్ని చూసింది. చాడీ చెప్తున్నట్టు కాదు, ఉన్నమాట చెప్తున్నట్టే చెప్పింది.

"సార్ పీరియడులో బాగా దూకేవాళ్ళే దూకుతారు మేడమ్. మమ్మల్ని చప్పట్లు కొట్టమంటారు."

డ్రిల్లు మాస్టారు ఆ పిల్ల చెయ్యి ఇంకా వదల్లేదు. వంగి, "నీ పేరేంటమ్మా?" అని అడిగారు.

ఒకటో తరగతి నుంచీ ఆ పిల్ల మా బళ్ళోనే చదువుతోంది.