పాదం చుట్టూ ఒక గీత

తిరుపతిలో రేడియం స్టిక్కర్ల షాపు నడిపే ఆయన నాకు పని ఫోన్‌లోనే పంపుతాడు. బండ్ల మీద అతికించే పేర్లు, షాపుల అద్దాల మీద అక్షరాలు, గుమ్మాలకు వేసే పూలతీగలు. ఎవరో కాగితం మీద గీసిచ్చినదాన్ని ఫొటో తీసి పంపుతాడు. వడమాలపేటలో మా ఇంట్లో, పాప నిద్రపోయే మధ్యాహ్నం వేళ, నేను కంప్యూటర్లో దాని మీద మళ్ళీ గీతలు గీసి, మిషను కత్తిరించడానికి వీలుగా చేసి పంపుతాను.

డిగ్రీలో కంప్యూటర్లు చదివాను గాని ఈ పని నాకు నేర్పింది ఆయనే. గీత ఎక్కడ బయలుదేరిందో అక్కడికే తిరిగి రావాలి. మొదటి చుక్క, చివరి చుక్క ఒకటైపోవాలి. వాటి మధ్య వెంట్రుకవాసి ఎడమున్నా సాఫ్ట్‌వేర్ దాన్ని ఆకారమని ఒప్పుకోదు. రంగు పోస్తే నిండదు.

"సూడమ్మా, ఈడ కలవలే," అనేవాడు నేను తప్పు పంపినప్పుడల్లా. "మన కంటికి కలిసినట్టే ఉండాది. మిషనుకు అట్ల కాదు. బ్లేడు ఆడిదాకా వచ్చి నిలబడిపోతాది. స్టిక్కరు పెరికేటప్పుడు సరిగ్గా ఆడే చిరుగుతాది."

కృష్ణాష్టమికి మూడు వారాల ముందు ఆయన ఫోన్ చేశాడు. మా వైపు ఆ రోజు వాకిలి నుంచి దేవుని గూడుదాకా బియ్యప్పిండితో చిన్న చిన్న పాదాలు వేస్తారు. పిడికిలి పక్కభాగాన్ని పిండినీళ్ళలో ముంచి నేలకు అద్దితే అరికాలు, వేలికొసతో అద్దితే కాలివేళ్ళు. ఇప్పుడు తీరికలేనివాళ్ళు స్టిక్కర్లు కొనుక్కుంటున్నారు.

"పోయినేడు అందరం నెట్‌లో దొరికిన పాదాలే కొట్టినాము. బజారంతా ఒకే కాలు," అన్నాడు. "ఈసారి నిజమైన బిడ్డ కాలు మాదిరి ఉండాల. నీ ఇంట్లోనే బిడ్డ ఉండాది గదమ్మా. కాగితం మీద పెట్టి గీసియ్యి."

సరేనన్నాను. మా పాపకు అప్పటికి పదిహేడు నెలలు. ఇంకా నిలబడటం లేదన్న సంగతి ఆయనకు తెలియదు.

పాకేది. కూర్చుని జరిగేది. చంకలకింద చేతులేసి నిలబెడితే మాత్రం, నేల తగలగానే కాళ్ళు రెండూ పైకి ముడుచుకునేది. తిరుపతిలో చూపిస్తే డాక్టరమ్మ మోకాళ్ళు, నడుము అన్నీ వంచి చూసి, భయపడాల్సింది కనిపించడం లేదు, పద్దెనిమిది నెలలు నిండాక కూడా నిలబడకపోతే తీసుకురండి, పరీక్షలు రాస్తాను, అంది. మొదటి మాట ఆ గదిలోనే మరిచిపోయాను. రెండోది మాత్రం రోజూ గుర్తొచ్చేది. ఎదురింట్లో పదకొండు నెలల పిల్లవాడు గోడ పట్టుకుని నడుస్తుంటే నేను తలుపు దగ్గరగా వేసేదాన్ని. మా ఆయనకు సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో ఉద్యోగం, వారానికొకసారి వస్తాడు. మొదట్లో రోజూ ఫోన్లో, నిలబడిందా అని అడిగేవాడు. తర్వాత అడగడం మానేశాడు. అడగకపోవడమే ఎక్కువ కష్టంగా ఉండేది.

మా అత్త ఒక్కతే ఏమీ జరగనట్టు ఉండేది. "మాటలు ముందొచ్చిన బిడ్డకు నడక నిదానం మే," అనేది. పాపకు వచ్చిన మాటలు నాలుగు. అందులో ఒకటి కాకిని పిలిచేది.

నిజానికి పాప కాలు మొదట కాగితం మీద పెట్టింది అత్తే. చెప్పులు కొనాలంటే కాలు గీసుకుని ఆ కాగితం షాపుకు తీసుకుపోవడం ఆమె పద్ధతి. పదహారో నెలలో, నడిస్తే కీచుకీచుమనే చెప్పులు తెస్తానని, క్యాలెండరు వెనకవైపు పాప ఎడమకాలు పెట్టి మడమ దగ్గర పెన్సిల్ మొదలుపెట్టింది. చిటికెనవేలి దాకా వచ్చేసరికి పాప కాలు లాగేసుకుంది. "పోనీలే, రేపు గీస్తాం," అని ఆ కాగితాన్ని బియ్యం డబ్బా కింద పెట్టింది.

నేను రెండు రోజులు ప్రయత్నించాను. అత్త పట్టుకుంటే నేను గీయడం. ఒకరోజు వేళ్ళ దాకా వచ్చాను. ఇంకోరోజు వేళ్ళు దాటి బొటనవేలి పక్కకు దిగాను. మడమ దగ్గర మాత్రం రెండు కొసలూ కలవలేదు. మధ్యలో బొటనవేలి వెడల్పంత ఖాళీ.

చాలులే అనుకుని దాన్నే ఫొటో తీసి కంప్యూటర్లో ఎక్కించాను. వేళ్ళు తేలిక, ఐదు చిన్న గుండ్రాలు. అరికాలి గీతను కొసలు కలపమని సాఫ్ట్‌వేర్‌కే చెప్పాను. అది ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు తిన్నగా గీత లాగేసింది. రంగు నిండింది. ఎడమకాలిని అద్దంలోలా తిప్పి కుడికాలు కూడా చేసుకుని, అత్తకు చూపించాను.

అత్త కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

"బాగుండాది. మడమేది?"

"అదే గదత్తా, కింద."

"కత్తిపీటతో కోసినట్టుండాదే. ఈ కాలు మీద కిష్ణుడు ఎట్ల నిలబడతాడు?"

నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఆమె అన్నది బొమ్మ గురించేనని తెలుసు. అయినా లేచి వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి నిలబడ్డాను. నా బిడ్డ నిలబడని కాలికి మడమ నేను అతికించబోయాను. పాప ఇంకా వేయని అడుగులు ఎవరెవరి ఇళ్ళలోకో పంపబోయాను.

అత్త వెనకాలే వచ్చింది. బియ్యం డబ్బా పక్కకు జరిపి క్యాలెండరు కాగితం తీసి, నేను గీసిన రెండు కాగితాలూ దాని పక్కన గట్టు మీద పరిచింది.

"నువ్వు ఎంతసేపూ గీత లేనికాడే చూస్తావుండావు," అంది. "ఉండేకాడ చూడు. నెల ముందర నా పెన్సిలు యాడిదాకా పోయింది? చిటికెనేలు. నీది వేళ్ళ దాకా పోయింది. మళ్ళా వేళ్ళు దాటి దిగింది. బిడ్డ కాలు పెట్టకుండానే పోయిందా గీత?"

నేను కాగితాల వైపు చూశాను. మూడింటిలోనూ గీత మడమ దగ్గరే మొదలైంది. ప్రతిసారీ కొంచెం ఎక్కువ దూరం పోయింది. అన్నాళ్ళూ కంప్యూటర్లో తెగిన చోటునే పెద్దది చేసి చూడటం అలవాటై, ఇది నా కంట పడలేదు.

"ఇంకో కాగితం తే," అంది అత్త. "ఊరికే పట్టుకుంటే అది నిలబడదు. దానికీ ఒక పని ఉండాల."

గిన్నెలో బియ్యప్పిండి కలుపుకొచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చుని పిడికిలితో పాదాలు అద్దడం మొదలుపెట్టింది. పాప పాకుతూ వచ్చి ఆమె భుజం పట్టుకుంది. ఇంకా బాగా కనబడాలని పైకి లేచింది. నేను చప్పుడు కాకుండా కాగితాన్ని ఎడమకాలి కిందికి జరిపాను. పాప ఒక చేయి తెచ్చి నా జుట్టు పట్టుకుంది. కాలు ముడవలేదు.

మడమ దగ్గర మొదలుపెట్టాను. చిటికెనవేలు. వేళ్ళు. బొటనవేలి దగ్గర చక్కిలిగింత పుట్టి నవ్వింది, నా జుట్టు గుంజింది. నేను తలెత్తి చూశాను. "గమ్మునుండు, దాని మొగం చూడొద్దు, గియ్యి," అంది అత్త, తను పిండి అద్దడం ఆపకుండానే. లోపలి వంపు. మడమ. పెన్సిల్ మొదలైన చోటికి వచ్చి, దాన్ని దాటి గోరంత ముందుకు కూడా పోయింది.

పాప కింద కూలబడి పిండిగిన్నెలో చేయి పెట్టింది.

మధ్యాహ్నం ఆ గీతను ఎక్కించాను. రెండు కొసలూ ఒకదాని మీదొకటి ఎక్కి ఉన్నాయి. ఎక్కువైన గోరంత ముక్క తీసేసి, రెండు చుక్కల్నీ కలిపాను. ఎర్రరంగు మీద నొక్కితే మడమ నుంచి వేళ్ళ మొదలుదాకా నిండిపోయింది.

మా ఆయనకు ఫోన్ చేశాను. వెనక మిషన్ల చప్పుడు.

"నిలబడింది," అన్నాను.

ఆ చప్పుడు దూరమైంది, బయటికి వచ్చినట్టున్నాడు. తర్వాత, "ఎంతసేపు?" అన్నాడు.

గడియారం చూడలేదు నేను. "పాదం చుట్టూ పెన్సిల్ తిరిగినంతసేపు."

"ఏ కాలు?"

"ఎడమ. కుడిది గీయాల్సిన పని లేదు. ఇదే తిప్పితే కుడికాలైపోతుంది."

"తిప్పొద్దు," అన్నాడు. "రేపు అది కూడా గియ్యి. నేను వచ్చినాక సూస్తాను."

అత్త అప్పటికే ఇంకో కాగితం చించి బియ్యం డబ్బా మీద పెట్టింది.