జీపు నెత్తిన గుడారం, గుడారంలో మా మావ

ఈ ప్రయాణానికి కారణం ఒక గోడ. మేముండేది బెంగాల్లో, గార్డెన్ రీచ్‌లో, ఓడలాగే డాకు గోడని ఆనుకుని ఉన్న సందులో. మా మావ, అంటే మా ఆవిడ గౌరి తండ్రి అప్పలస్వామి, ముప్పై నాలుగేళ్ళు ఆ గోడ అవతల క్రేను నడిపాడు. నిద్ర నేల మీద, బతుకు నలభై అడుగుల పైనున్న కేబిన్లో. రిటైరయ్యాక నిద్రొకటే మిగిలింది. పోయినేడాది కుడి మోకాలికి ఆపరేషన్ కూడా అయింది. అప్పట్నుంచి గుమ్మంలో కుర్చీ వేసుకుని, గోడ మీదుగా కనిపించే క్రేను మెడల్ని చూస్తూ, ఇప్పటి డ్రైవర్లకి లోడు దించడం రాదని తిడుతూ కూర్చునేవాడు. ఈ జనవరిలో ఒకరోజు తిట్టడం మానేశాడు. ఇరవై రెండేళ్ళుగా ఆయన్ని ఏడిపించడం, ఆయన చేతిలో ఏడవడం నాకు రెండో ఉద్యోగం. పెళ్ళిరోజున నా కొత్త చెప్పుల్లో క్రేను గ్రీజు రాసిన మనిషి ఆయన. ఆయన చుట్టల డబ్బాలో మిరప్పొడి చల్లిన అల్లుణ్ణి నేను. అలాంటివాడు మాట్లాడకుండా కూర్చుంటే ఇంట్లో అన్నం సహించదు.

ఆయన్ని కాస్త గాలి మారే చోటికి తీసుకెళ్ళాలి, కానీ ఎత్తు ఎక్కించకూడదు. ఆ మోకాలు మళ్ళీ దెబ్బతింటే కర్రతో కూడా నడవలేడని డాక్టరు ముందే చెప్పాడు. అప్పుడే నాకు రూఫ్‌టాప్ టెంటు సంగతి తెలిసింది. జీపు నెత్తిన బిగించే గుడారం అది, నిచ్చెన మీద ఎక్కాలి. న్యూ టౌన్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసుకునే వరంగల్ అబ్బాయి నవీన్ తన టెంటుని రోజుకి పన్నెండు వందలకి అద్దెకిస్తాడు. సముద్రం ఒడ్డున జీపు పెట్టి, పైన నేను, కింద వెనక సీటు వాల్చుకుని మావ పడుకోవచ్చని నా ఆలోచన. నవీన్ అరగంటలో టెంటుని నట్లు బోల్టులతో జీపు పైన బిగించాడు. అరవై కిలోలట. నా చేతిలో ఒక చిన్న పుస్తకం పెట్టి, "అన్నా, ఇది ఒక్కసారి చదువుండ్రి" అన్నాడు. నేను టెక్కలి దగ్గర ఎనిమిదో తరగతి దాకా చదివాను, అదీ తెలుగులో. పుస్తకమేమో ఇంగ్లీషు. బొమ్మలు చూసి మూసేసి, చదివేశాను తమ్ముడూ అన్నాను.

బయల్దేరే ముందు గౌరి జీపు తలుపు పట్టుకుని నిలబడింది. "మా అయ్యని ఆ నిచ్చెనెక్కించినావంటే మరి ఇంటికి రాకు. అక్కడే సముద్రంలో కాపరం పెట్టుకో." నేను నెత్తిన చెయ్యి పెట్టుకుని ఒట్టేశాను. మావ ముందు సీట్లో కూర్చుని నా వైపు చూడను కూడా చూడలేదు.

ఫిబ్రవరి నెల, శనివారం పొద్దున్న ఐదుంపావుకి ఇల్లు వదిలాం. తారాతలా, జోకా, ఆమ్‌తలా మీదుగా డైమండ్ హార్బర్ రోడ్డు. ఆ వేళలో ఖాళీగా ఉంటుంది, ఏడు దాటితే ఆటోలూ చేపల బళ్ళూ కదలనివ్వవు. టెంటు కట్టిన బండి నడపడం వేరే విద్య అని నాకు మొదటి పది కిలోమీటర్లలో తెలిసొచ్చింది. మలుపు తిప్పితే బండి తిరిగాక పైభాగం ఇంకాస్త ఆలోచించి తిరుగుతుంది. యాభై దాటితే నెత్తిన ఎవరో పిల్లనగ్రోవి ఊదుతున్నట్టు ఒకటే కూత. లీటరుకి పన్నెండు ఇచ్చే జీపు తొమ్మిదిన్నర ఇచ్చింది. డైమండ్ హార్బర్లో నది ఒడ్డున టీకి ఆగుదామని ఒక పార్కింగ్ లోపలికి తిప్పబోతే మావ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఆపు. లోడు ఎత్తెంతో కొలిచినావేటి?"

ఎదురుగా అడ్డంగా ఇనప కమ్మీ. నేను కొలవలేదు. దిగి చూస్తే టెంటు దానికంటే జానెడు ఎత్తుంది. నాలుగడుగులు ముందుకెళ్ళి ఉంటే పన్నెండు వందల అద్దె టెంటుకి పూర్తి ధర కట్టాల్సి వచ్చేది. చెమట తుడుచుకుని బండి రోడ్డు పక్కనే పెట్టాను. నేను టీ తాగుతుంటే ఆయన కుంటుకుంటూ జీపు చుట్టూ తిరిగి, ఒక్కో బోల్టునీ వేలితో తట్టి చూసి, ఒకటి వదులైందని నాతో బిగింపించాడు. నెల రోజుల తర్వాత ఆ ముఖంలో కొంచెం ప్రాణం కనబడింది.

కుల్పీ, కాక్‌ద్వీప్ దాటి నామ్‌ఖానా వంతెన ఎక్కాం. ఆ వంతెన రాకముందు బళ్ళని బల్లకట్టు మీద దాటించేవారు. ఇప్పుడు రెండు నిమిషాలు. తొమ్మిదీ ముప్పావుకి సముద్రం ఒడ్డున ఉన్న బక్‌ఖాలి చేరాం. మొత్తం నూట ముప్పై కిలోమీటర్లు. ఇసుకలోకి బండి దింపకండి, దింపనివ్వరు కూడా. సరుగుడు తోపు వెనక ఒక భోజనశాల పెరట్లో రాత్రికి నాలుగు వందలిచ్చి జీపు పెట్టుకున్నాం. ఆ పెరడు నడిపే వంటావిడని అందరూ బౌది అంటారు, మనం వదిన అన్నట్టు.

టెంటు విప్పడం పది నిమిషాల పని, అక్కడ మాత్రం దానికి మెచ్చుకోవాలి. కవరు జిప్పు తీసి, నిచ్చెన పట్టుకుని లాగితే పుస్తకం తెరుచుకున్నట్టు తెరుచుకుంటుంది. సగం జీపు పైకప్పు మీద పరుచుకుంటుంది, మిగతా సగం పక్కకి గాల్లోకి చాచుకుని ఉంటుంది. ఆ బయటి సగం అంచు నుంచి నిచ్చెన నేలకి దిగుతుంది. పరుపు లోపలే ఉంది. కింద ఎర్రపీతలు పరుగులు తీస్తున్నా, తడి ఇసుకలో కుక్కలు కొట్టుకుంటున్నా పైనున్నవాడికి పట్టింపు లేదు. మావని కుర్చీలో కూర్చోబెట్టి, చేపలు తేవడానికి ఫ్రేజర్‌గంజ్ రేవుకి బయల్దేరాను. ఇక్కడ మొదటి చిక్కు. జీపు తియ్యాలంటే ఇల్లంతా మళ్ళీ మడవాలి. అందుకని టోటో, అంటే బ్యాటరీ ఆటో, పట్టుకుని వెళ్ళాను, మనిషికి ఇరవై రూపాయలు.

గంట తర్వాత పాంప్లెట్ చేపలతో తిరిగొస్తే కుర్చీ ఖాళీ.

"అల్లుడూ, సముద్రం కనబడతంది" అని గొంతు వినిపించింది. పైనుంచి.

నా చేతిలో సంచి జారింది. డెబ్బై రెండేళ్ళ మనిషి, కుట్లు పడిన మోకాలు, ఏడడుగుల నిచ్చెన. "ఎవరు ఎక్కించారు మావా?" అన్నాను.

"ఎవుడెక్కిస్తాడు? రెండు కాళ్ళూ రెండు సేతులూ. మూడు పట్టుకోని ఉండాల, ఒకటి కదపాల. ముప్పై నాలుగేళ్ళు అదే సేసినాను."

"దిగు. గౌరి నన్ను చంపుతుంది."

"నా డూటీ ఎనిమిది గంటలు. అప్పుడుదాకా దిగను. అన్నం పైకి పంపు."

కేబిన్లో ఉండేటప్పుడు టిఫిన్ క్యారేజీని తాడు కట్టి పైకి లాక్కునేవారట. నిజంగానే తువ్వాలూ బట్టలారేసే తాడూ కలిపి కిందకి వదిలాడు. ఒంటిగంటకి బౌది చేపల పులుసూ అన్నం డబ్బాలో పెట్టి కట్టింది, అది ఊగుతూ పైకెళ్ళింది. పెరట్లో అందరూ నవ్వారు, నేను తప్ప. ఎంత బతిమాలినా దిగలేదు. చివరికి నాలో పాత కోతి లేచింది. దిగవా, అయితే దిగకు అనుకున్నాను. ఆయన భోంచేసి వాలాక, నిచ్చెన పైనున్న రెండు పిన్నులూ మెల్లిగా లాగి, దాన్ని ఊడదీసి, వంటింటి వెనక గోడకి ఆనించి వచ్చాను. బాత్రూముకి లేచినప్పుడు ఈయన మొహం చూడాలి అని బౌది దగ్గర భోజనానికి కూర్చున్నాను. చేపల భోజనం నూట ఎనభై.

రెండుంపావుకి, ఇంకా అన్నం కలుపుతుండగా, నవీన్ ఫోన్ చేశాడు. "అన్నా, టెంటు మంచిగ ఓపెనయిందా?"

"బ్రహ్మాండం. మా మావ పైనున్నాడు, నిచ్చెన నా దగ్గరుంది" అని నవ్వాను.

"ఏందన్నా, నిచ్చెన తీసినవా? మనిషి పైన ఉండంగనా?"

"ఊరికే, ఆట పట్టిద్దామని."

"అన్నా, బయటికున్న సగం ఆ నిచ్చెన మీదనే నిలవడ్తది. బుక్కుల రెండో పేజీల్నే ఉన్నది. ఆయన అటు దిక్కు జరిగిండంటే మడత కాడ విరుగుతది. జల్ది పో."

ఆ తర్వాత నేను చెయ్యి కడుక్కోలేదు. ఆ పెరట్లో వంటింటికీ జీపుకీ వంద అడుగులుండవు, కానీ ఆ వంద అడుగులూ నా జీవితంలో అన్నిటికంటే పొడుగు. నేను ఆ నిచ్చెనని ఎక్కడానికి పెట్టిన మెట్లనుకున్నాను. అది ఆ గదికి కాలు. ఆ కాలు తీసి గోడకి ఆనించి, చేపముళ్ళు ఏరుకుంటూ కూర్చున్నాను.

టెంటు జిప్పు వేసి ఉంది. బయటి సగం గాల్లో చాచుకుని ఉంది, కింద ఏమీ లేదు. మావా అని పిలిచాను. పలకలేదు. మళ్ళీ పిలిచాను. గాలికి గుడ్డ కొట్టుకుంటోంది తప్ప ఇంకేమీ లేదు. నిద్రలో ఒక్కసారి ఇటు దొర్లితే చాలు. నాకు ఇంకేమీ తోచలేదు. బయటి సగం అడుగు చెక్క కిందకి వెళ్ళి, రెండు చేతులూ, నెత్తీ దానికి ఆనించి నిలబడ్డాను. పులుసు చెయ్యి అలాగే ఉంది. మూడోసారి పిలిచాను.

అప్పుడు లోపల్నుంచి, చాలా నెమ్మదిగా, "లోడు కింద నిలబడొద్దని నీకెన్నిసార్లు సెప్పినాను అల్లుడూ" అని వినిపించింది.

ఈలోపు బౌది నిచ్చెన మోసుకొచ్చింది. "ఈ దాదా పాగోల్" అని బెంగాలీలో నన్ను పిచ్చివాడని తిట్టి, తానే దాన్ని కొక్కేలకి తగిలించి పిన్నులు దూర్చింది. నేను ఎక్కి జిప్పు తీశాను. మావ జీపు పైకప్పు మీది సగంలో, మూలకి ఒదిగి, కాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. దిండూ ఫోనూ మందులూ అన్నీ అవతలి సగంలో. నేను పిన్నులు లాగిన చప్పుడుకే లేచాడట. నిచ్చెన పోయిందని చూశాడు, బరువు ఎటుందో లెక్క కట్టాడు, అప్పట్నుంచి దాదాపు నలభై నిమిషాలు కదల్లేదు.

"ఒక కేకెయ్యొచ్చు కదా మావా."

"అరిస్తే నువ్వు నవ్వుతావు. నవ్వితే నాకు కోపమొస్తాది. కోపమొస్తే కదుల్తాను." ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆయన రెండు చేతులూ పరుపు అంచుని వదల్లేదు. ఇరవై రెండేళ్ళలో ఆయన భయపడడం నేను చూడలేదు. ఆ రోజు చూశాను, కారణం నేనే.

అంతసేపు ముడిచి ఉంచిన మోకాలు ఇక చాపనివ్వలేదు. దిగడానికి పావుగంట పట్టింది. మూడు పట్టుకుని, ఒకటి కదిపి. కింద నుంచి పక్కకి తప్పుకోమని కసిరాడు, నేను తప్పుకోలేదు. చివరి మూడు మెట్లు నా భుజం మీదే దిగాడు. మోకాలు కొబ్బరికాయంత వాచింది. బౌది చేపల పెట్టెలోంచి ఐసు తెచ్చి గుడ్డలో కట్టి ఇచ్చింది. ఒక గంట నేను ఆ కాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. డాక్టరు మాటే చెవిలో మోగుతోంది. ఆయన ఒక్కటే అన్నాడు, "ఐసు పాంప్లెట్ కంపు కొడతంది."

ఐదింటికి వాపు కొంత తగ్గింది. కర్ర లేకుండా పది అడుగులు వేశాడు, పదకొండోది వేశాడు. నేను మొహం అటు తిప్పుకున్నాను. మళ్ళీ ఇటు తిరిగి చూసేసరికి ఆయన చెయ్యి నిచ్చెన మీద ఉంది. "వద్దు మావా" అన్నాను.

"సరే, గౌరికి ఫోన్ సెయ్యి. సేసి నిచ్చెనెవుడు తీసినాడో సెప్పు."

ఎక్కే ముందు ఆయన నిచ్చెన కాళ్ళ కింద చెక్క పలక వేయించి, నిచ్చెనని జీపు చక్రానికి తాడుతో కట్టి డాకు ముడి వేశాడు. పైకెళ్ళాక నా దిండు అవతలికి విసిరి, "బయటి సగం నీది" అన్నాడు. ఆ రాత్రి నేను కన్ను ముయ్యలేదు. ఆయన గుర్రు పెట్టాడు. పై గుడ్డ నుంచి మంచు నీళ్ళు బొట్టు బొట్టుగా నా మీద పడ్డాయి. ఒకసారి ఒంటికి దిగాలనిపించింది, ఊరుకున్నాను.

తెల్లవారింది. కిటికీ గుడ్డ ఎత్తి మావ సముద్రం చూస్తున్నాడు. దూరంగా చేపల మరపడవలు వస్తున్నాయి. కాసేపు కళ్ళు చిట్లించి చూసి మొదలెట్టాడు. "ఆడి మొహం, అదేటి లోడు అంతా ఒక పక్కకే ఏసినాడు? ఎవుడు నేర్పినాడ్రా మీకు?" అలా టీ వచ్చేదాకా తిడుతూనే ఉన్నాడు. నేను తడి పరుపు మీద పడుకుని వింటూ ఉన్నాను.

టెంటు మంచిదా చెడ్డదా అని మీరడిగితే నేను సూటిగా చెప్పలేను. నేల తడి అంటదు, గాలి బాగా వస్తుంది, పరుపు మెత్తన. బండి ఊగుతుంది, డీజిల్ తాగుతుంది, ఇల్లు మడిస్తే తప్ప ఉప్పు కొనడానికి కూడా కదల్లేరు. తడిగా మడిచారంటే మర్నాడు చచ్చిన ఎలక వాసన. మోకాళ్ళు బాగా లేనివాళ్ళకి అది పనికిరాదని చెప్పాలి, కానీ మా మావ మొహం చూశాక ఆ మాట గట్టిగా అనలేను. ఇంకెవరినైనా ఆట పట్టిస్తాను గానీ, ఎత్తున ఉన్న మనిషి కింద ఉన్న దేన్నీ ఇక ముట్టుకోను. ఇంటికొచ్చాక గౌరి కాలెందుకు వాచిందని అడిగితే, ఇసుకలో నడిచాను అన్నాడు ఆయన. ఆ అబద్ధం నాకోసం.

కాబట్టి ఇలాంటి టెంటు తీసుకునేవాళ్ళు నిచ్చెనని చక్రానికి గట్టిగా కట్టండి, పైన మనిషి ఉండగా దాని జోలికి పోకండి, పుస్తకంలో రెండో పేజీ చదవండి. చదవడం రాకపోతే ఎవరిచేతనైనా చదివించుకుని వినండి. మా గౌరి గార్డెన్ రీచ్‌లోనే పుట్టింది, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. దయచేసి ఇది మాత్రం ఆవిడకి చదివి వినిపించకండి.