ఆరిన పొయ్యిలో అరచెయ్యి

మా అపార్ట్‌మెంటు లిఫ్టులో ఒకావిడ గొంతు ఉంది. తలుపు మూసుకున్నాక కూడా "దయచేసి తలుపు మూయండి" అంటూనే ఉంటుంది. బాగుచేయించమని సెక్రటరీకి చెబితే, "జాగ్రత్త మంచిదే కదా సార్" అన్నాడు. మా చిన్నాన్న గురించి ఊరంతా సరిగ్గా ఈ మాటే అనేది. నాలుగో అంతస్తు చేరేలోగా ఆయన గుర్తొచ్చి, నేను దిగకుండానే లిఫ్టు నన్ను మళ్లీ కిందికి తీసుకుపోయింది.

డెబ్బైల మొదట్లో మాట. మాది చోడవరం నుంచి రోలుగుంట వెళ్లే దారిలో ఊరు. గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి తోలగా మిగిలిన చెరకును కళ్లంలో గానుగాడి బెల్లం వండేవాళ్లం. నాలుగైదు కుటుంబాలకు ఒకటే పొయ్యి. ఎండిన చెరకు పిప్పిని ఎగదోసి మండించేవారు. చివరి బెల్లం పెనం దింపాక బూడిద మీద నీళ్లు చల్లి, ఎవరో ఒకరు అరచెయ్యి ఆనించి "సల్లారింది" అంటేగాని ఎవరూ ఇంటికి కదలకూడదు. ఒక ఎండాకాలం మా వీధిలో పూరిళ్లు తగలబడ్డాయి. మనుషులు బతికిపోయారు. నిప్పు ఎక్కడినుంచి లేచిందో తేలలేదు. అందరూ కొత్త తాటాకు కప్పుకుని ఆ సంగతి మరిచిపోయారు. తేలలేదన్నది మాత్రం చిన్నాన్నలో ఉండిపోయింది.

ఆ తర్వాత చెయ్యి ఆనించే పని ఆయనదే అయింది. ఆనించేవాడు, "సల్లారింది" అనేవాడు, కాస్త దూరం నడిచి మళ్లీ ఆనించడానికి వెనక్కి పోయేవాడు. విస్తరి ముందు నుంచి కూడా లేచి పోయేవాడు. ఊరు దీన్ని మెచ్చుకోవడమే కాదు, బాగా వాడుకుంది. "ఆడున్నాడు కదా, సూసుకుంటాడు" అని తక్కినవాళ్లు నీళ్లు చల్లడం కూడా మానేసి, తువ్వాళ్లు దులుపుకుని వెళ్లిపోయేవారు. దాంతో బూడిద అడుగున ఒక్కోసారి నిజంగానే నిప్పుండేది. చిన్నాన్న అరచెయ్యి బొబ్బలెక్కి, చీము పట్టి, ముద్ద కలపడానికి పనికిరాకుండా పోయింది. పిన్ని తినిపిస్తుంటే ముద్దకీ ముద్దకీ మధ్య "ఆరిందంటావా?" అని అడిగేవాడు. "ఆరింది" అనేది. నమిలి మింగి మళ్లీ అడిగేవాడు.

నేను అనకాపల్లిలో బి.ఏ. చదువుతుండేవాణ్ని. అందుకని ఇంట్లో నన్ను సగం డాక్టరుగానూ, తక్కిన సగం దండగమారిగానూ చూసేవారు. ఆ సగం అధికారంతో, విశాఖలో మనసు జబ్బుల డాక్టరున్నాడని చెప్పాను. నాన్నమ్మ గయ్యిమంది. "నా కొడుక్కి పిచ్చంటావేట్రా? ఆడికి జాగర్తెక్కువ. నీకు లేదు, అంతే."

రెండో మాటలో నిజముంది కనుక ఊరుకున్నాను. పిన్ని ఊరుకోలేదు. "జాగర్తయితే ఒకపాలి సూసి పడుకుంటాడత్తా. ఈయనకి సూసేకొద్దీ బయం పెరుగుతంది. సెయ్యి పోతంది. ఇంకేటి పోవాల?"

ఆ వారంలోనే బయల్దేరాం. బస్సాగింది. నేను, పిన్ని ఎక్కాం. చిన్నాన్న ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టి నిలిచిపోయాడు. ఆరోజు పొయ్యి వెలిగించనే లేదు. "ఒకపాలి సూసొచ్చేస్తాను," అన్నాడు కళ్లం వైపు తిరిగి. కట్టు కట్టిన చెయ్యి అటే చాచాడు. "ఎక్కుతావేటి, దిగుతావేటి మావా? బస్సులో పెళ్లోరున్నారు, ముహూర్తం నీకోసం ఆగదు," అన్నాడు కండక్టరు. కిటికీల్లోంచి తలలన్నీ బయటికొచ్చాయి. ఇప్పుడు దిగితే ఆయన మళ్లీ ఎక్కడని మా ఇద్దరికీ తెలుసు. డ్రైవరు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. పిన్ని కిందికి దిగి ఆయన మంచి చెయ్యి పట్టుకుంది.

"ఆరిందని సెప్పవే," అని బతిమాలాడు.

"సెప్పను. కాల్తే కాలనీ. ఎక్కు."

ఎక్కాడు. విశాఖ దాకా కళ్లు మూసుకునే కూర్చున్నాడు.

"పొయ్యి ఆరిందని నీకు తెలుసా?" అని అడిగాడు డాక్టరు. "తెలుసు బాబూ. తెలిసినా నమ్మకం సాలటం లేదు," అన్నాడు చిన్నాన్న. డాక్టరు కలం కింద పెట్టాడు. ఇది పిచ్చీ కాదు, జాగ్రత్తా కాదు, జబ్బు. తిండి, నిద్ర, పని చెడుతున్నా ఆపుకోలేకపోవడం మొదలైనప్పుడే రావలసింది అన్నాడు. మాత్రలిచ్చాడు. చెయ్యి పెట్టొద్దు, నీళ్లు చల్లి ఒక్కసారి చూసి వచ్చెయ్యి, వెనక్కి పోవాలనిపిస్తే ఓర్చుకో, భయం కాసేపటికి దానంతటదే దిగుతుంది అన్నాడు. ఇంట్లోవాళ్లు "ఆరింది" అని చెప్పనే కూడదట. పిన్ని నావైపు చూసింది.

అంత తేలిగ్గా ఏమీ జరగలేదు. ఆ సీజనంతా మధ్యమధ్య వెనక్కి పోతూనే ఉన్నాడు. మరుసటి ఏడు ఒక సాయంత్రం, ఆఖరి పెనం దింపాక, నీళ్లు చల్లాడు. ఒక్కసారి చూశాడు. తువ్వాలు భుజాన వేసుకుని నడిచాడు. మలుపు దగ్గర ఆగితే మొహంలో నెత్తురు చుక్క లేదు. పక్కనే పిన్ని పెదవులు బిగబట్టి నిలబడింది. అడిగితే "ఆరింది" అని చెప్పేస్తానేమోనని ఆవిడ భయం ఆవిడది. ఆయన అడగలేదు. మళ్లీ నడిచాడు. కళ్లంలోంచి మా పొత్తుదారు గావుకేక పెట్టాడు:

"ఒరే, ఎల్లిపోతన్నావేట్రా! నీకు నయమైపోతే మన పొయ్యి ఎవుడు సూస్తాడ్రా?"