రికార్డులక్క లేబుళ్లు

ఆస్పత్రిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. కింది అంతస్తులోని రికార్డు గదిలో పద్దెనిమిదేళ్లు పనిచేసి పైకి వచ్చింది కాబట్టి ల్యాబులో అందరికీ రికార్డులక్క. ఆమెను పైకి తెచ్చినవి లేబుళ్లు. అంతకుముందు రక్తం ట్యూబుల మీద పేర్లు చేత్తో రాసేవారు. ఒకరి ట్యూబు ఇంకొకరిదైపోయిన రోజులు ఉండేవి. ఆమె సాయంత్రం క్లాసులకు వెళ్లి జావా అనే కంప్యూటర్ భాష నేర్చుకుని, బార్‌కోడ్‌తో లేబుల్ ముద్రించే చిన్న ప్రోగ్రాం రాసింది. గీతలు గీసే పని మాత్రం ఆమె రాసింది కాదు. ఎవరో రాసి, ఎవరైనా వాడుకోండని ఉచితంగా వదిలిపెట్టిన కోడ్ ఒకటి, లైబ్రరీ అంటారు దాన్ని, ఆ పని చూసుకునేది. నాలుగేళ్లుగా దాని జోలికి ఎవరూ పోలేదు.

ఈ ఏడాది కొత్త స్కానర్లు వచ్చాయి. వాటికి క్యూఆర్ కోడ్ కావాలి. పాత లైబ్రరీకి అది గీయడం రాదు, కొత్త వెర్షన్‌కు వచ్చు. గురువారానికల్లా కొత్త లేబుళ్లు రాకపోతే పని బయటి కంపెనీకి అప్పగిస్తానని ల్యాబు చూసుకునే పెద్ద డాక్టర్ చెప్పాడు. కంపెనీ వస్తే ల్యాబులో ఆమెకు పని ఉండదు. మళ్లీ కింద కిటికీ లేని గది, ఇనప బీరువాలు, దుమ్ము. ఆ మాట ఆయన అనలేదు, ఆమె అడగలేదు.

ల్యాబు కంప్యూటర్‌కు ఇంటర్నెట్ లేదు. కొత్త వెర్షన్‌ను మూడో అంతస్తు ఆఫీసులో డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చింది. తెచ్చి పెడితే, తనకు ఇంకో లైబ్రరీ తోడు కావాలంది. అది తెస్తే, అది మూడోదాన్ని అడిగింది. నాలుగోసారి మెట్లెక్కుతుంటే టెక్నీషియన్ ఎదురొచ్చాడు. అతన్ని పొడుగాయన అంటారు. ఏమిటక్కా, వ్యాయామమా అన్నాడు.

"పెళ్లికి ఒకాయన్ని పిలిచాను. చుట్టాలందర్నీ వెంటేసుకొస్తున్నాడు," అంది.

మంగళవారం మధ్యాహ్నానికి అన్నీ చేరాయి. ప్రోగ్రాం తెరుచుకుంది కానీ, 'ముద్రించు' అని నొక్కగానే ఆగిపోయింది. క్యూఆర్ గీసే పద్ధతి ఈ లైబ్రరీలో లేదని ఎర్ర అక్షరాల్లో చెప్పింది. ఉందని లైబ్రరీ వివరాల్లో రాసి ఉంది. మళ్లీ తెచ్చింది, సైజు సరిచూసింది. అదే మాట. బుధవారం ఉదయం పెద్ద డాక్టర్ అడిగితే, లోపం లైబ్రరీలోనే ఉందని, ఉచితంగా దొరికేవి అలాగే ఏడుస్తాయని చెప్పింది. ఆయన తలూపి కంపెనీకి ఫోన్ చేశాడు. వాళ్ల మనిషి మర్నాడు పదకొండింటికి వస్తానన్నాడు.

ఆ సాయంత్రం అత్తగారు కోడలి ముఖం చూసి, కూరగాయలు తరుగుతూనే సంగతంతా రాబట్టింది.

"ఊరికే ఇచ్చినవాణ్ణి తిట్టి వచ్చావా? పాపం, వాడికి నీ ముఖం కూడా తెలీదు కదే."

గురువారం పెందరాళే మూడో అంతస్తుకు వెళ్లి, ఆ లైబ్రరీ రాసినవాళ్లకు ప్రశ్న పంపడానికి కూర్చుంది. ప్రశ్న పంపే పేజీలో, ప్రోగ్రాం ఫోల్డర్‌లో ఏయే ఫైళ్లున్నాయో వరసగా రాయమని ఉంది. ల్యాబుకు దిగి వచ్చి కాగితం మీద ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. ఎనిమిదోది రాస్తూ ఆగిపోయింది. అది పాత లైబ్రరీ. కొత్తది పెట్టినప్పుడు దాన్ని తీసేయకుండా, పేరుకు ముందు 'పాతది' అని చేర్చి అక్కడే ఉంచింది. రికార్డు గది పద్ధతి అదే. ఏ ఫైలూ బయటికి పోదు. పాతదాని మీద చీటీ అంటించి అదే అరలో పెడతారు. మనుషులు చీటీ చదువుతారు. జావా చదవదు. ఆ ఫోల్డర్‌లో ఉన్న లైబ్రరీలన్నిట్లోనూ వెతికి, ముందు చేతికందినదాన్ని వాడుకుంటుంది. అందింది పాతది.

ఆ ఫైలును వేరే చోటికి మార్చింది. లేబుల్ వచ్చింది, స్కానర్ చదివింది. అప్పటికి టైం తొమ్మిదీ ఇరవై.

"నీ తప్పని చెప్పకక్కా," అన్నాడు పొడుగాయన. "వాళ్లే సరిచేసి పంపారను. ఎవరెళ్లి అడుగుతారు?"

ఆమె లేబుల్‌ను గోటితో ఒలిచి, మళ్లీ అంటించింది. తర్వాత పెద్ద డాక్టర్ గదికి వెళ్లింది.

"సార్, నిన్న నేను చెప్పింది తప్పు. లోపం లైబ్రరీది కాదు. పాత ఫైలు నేనే అక్కడ వదిలేశాను."

"ఇప్పుడు వస్తోందా?"

"వస్తోంది సార్."

"మీరు సెలవు పెట్టిన రోజున ఇలా అయితే?"

ఆమె అరగంట గడువు అడిగింది. ఏ ఫైలు ఎక్కడ పెట్టాలో, ఏది ఎక్కడినుంచి తీయాలో ఒక కాగితం నిండా రాసింది. పెద్ద డాక్టర్ ఆ కాగితాన్ని పొడుగాయన చేతికిచ్చి రెండో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. ఆమె నోరు విప్పకూడదన్నాడు. పాత ఫైలు దగ్గరికి వచ్చేసరికి పొడుగాయన దాని పేరు మార్చబోయాడు. ఆమె చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. అతను కాగితంలోని ఆ వాక్యాన్ని మళ్లీ చదువుకుని, ఫైలును బయటికి తీశాడు. లేబుల్ వచ్చింది. రానక్కర్లేదని పెద్ద డాక్టర్ కంపెనీకి ఫోన్ చేశాడు.

ఆ తర్వాత ఆ కాగితాన్ని ఇంకోసారి చదివాడు. ఇది చూసి ఎవరైనా చేయగలరు కదా అన్నాడు. చేయగలరు అంది. అలాగైతే మధ్యాహ్నాలు ఆమె రికార్డు గదిలో ఉంటే బాగుంటుందన్నాడు. అక్కడ మనిషి లేక ఫైళ్లు గుట్టలు పడుతున్నాయట. సరే సార్ అంది.

ఇంటికి వెళ్లేసరికి అత్తగారు తలుపు తీస్తూనే అడిగింది.

"ఉంచారా, పంపారా?"

"సగం ఉంచారు."

"ఏ సగం?"

"పొద్దుటిది," అని చెప్పులు విప్పి లోపలికి వెళ్లింది.