అప్పాయమ్మ కుడిచెయ్యి

నరసాపురం రేవులో అప్పాయమ్మ కాగే నూనెలోని చేపముక్కల్ని వేళ్ళతోనే తిరగేస్తుంది. చూసేవాళ్ళు ఉలిక్కిపడితే, “వల లాగిన చెయ్యండి, కాయలు కాసిపోయింది” అంటుంది గర్వంగా. కుష్ఠు పరీక్షలకు వచ్చిన డాక్టరు జోగేశ్వరరావు ఆ వేళ్ళ మీది బొబ్బలు చూసి, ఆమెను ఎదురుగా కూర్చోబెట్టాడు. “నరం కరెంటు తీగలాంటిదమ్మా. ఇక్కడ తాకితే కబురు మెదడుకు పోవాలి. కళ్ళు మూసుకుని, దూది తగిలినప్పుడల్లా చెప్పమ్మా.” ఎడమచేతి మీద ప్రతిసారీ సరిగ్గానే చెప్పింది. కుడిచేతికి వచ్చేసరికి ఆమె చెవులు రిక్కించింది. బేరానికొచ్చినవాళ్ళంతా చుట్టూ నిలబడి ఉన్నారు. జబ్బని తేలితే ఆ చేతి చేప ఇక ఎవరూ కొనరు. డాక్టరు ముందుకు వంగి కుర్చీ కిర్రుమన్నప్పుడల్లా “తగిలిందండి” అంది. ఆయన దూది పక్కన పెట్టేసి, చేతులు కట్టుకుని, ఊరికే కుర్చీ కదిపాడు. “ఇప్పుడు బాగా తగిలిందండి” అంది అప్పాయమ్మ.